ఐదో వారం కొత్తిమీర

కాయలతో వంగిపోతున్న వంకాయ మడిని బాలనర్సయ్య తన చేతులతోనే పీకేశాడు. భార్య నీలమ్మ గట్టు పక్క రెండు సాళ్ల మధ్య చతికిలబడి చూస్తూ ఉంది గానీ నోరు తెరవలేదు. ఆమె నోరు తెరవకపోతేనే అతనికి భయం.

ఇదంతా రామ్మోహనరావు లెక్క. కోస్తా నుంచి వచ్చి ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేస్తూ, చందానగర్‌లో వీళ్ల ముందు గదిలోనే కిరాయికి ఉంటున్నాడు. పట్నం మార్కెట్లో కూరగాయల ధరలు రోజూ ఒక పొడుగు పుస్తకంలో ఎక్కించడం ఆయనకు సంధ్యావందనంతో సమానం.

"హోళీ వెళ్లిన ఐదో వారం కొత్తిమీర ధర మూడింతలవుతుందండీ. నాలుగేళ్లూ తప్పలేదు. మీకొక్కరికే చెబుతున్నా, ఎవరితోనూ అనకండి."

ఊరికి కరెంటొచ్చి ఏడాదైంది. బావికి మోటారు పెడితే ఎడ్లతో మోట తోలే బాధ తప్పుతుంది. వంకాయలమ్మితే ఆ మోటారు ఈ జన్మకు రాదు. బాలనర్సయ్య హోళీ నాడే ధనియాలు చల్లాడు.

ఐదో వారం కొత్తిమీర బండికెత్తి, ఎవరి కంటా పడకుండా గోనెలు కప్పి, తెల్లారుతుండగా రైలు గేటు చేరాడు. గేటు వేసి ఉంది. ముందు పక్క చేను ఎల్లేశం బండి. దాని మీదా గోనెలే. వెనక బాచుపల్లి పోచయ్య బండి. దాని మీదా గోనెలే.

"ఏం తీస్కపోతున్నవ్, ఎల్లేశం?"

"గడ్డి, బావా. నువ్వు?"

"నాది గూడ గడ్డే."

వెనక పోచయ్య ముక్కు ఎగబీల్చాడు. "మీ గడ్డి చారుల గూడ ఏస్కోవచ్చు లెక్కుంది!"

అంతలో రైలు దూసుకుపోయింది. ఆ గాలికి గోనెలన్నీ లేచాయి. గేటుకివతల పద్నాలుగు బండ్లు. పద్నాలుగూ పచ్చగానే ఉన్నాయి.

"సారు నా ఒక్కనికే చెప్పిండు," అన్నాడు ఎల్లేశం మెల్లగా.

"నాకు గూడ నా ఒక్కనికే," అన్నాడు పోచయ్య.

ఆ రోజు మార్కెట్లో కొత్తిమీర ఊరికే ఇస్తామన్నా చెయ్యి చాచినవాడు లేడు. బండెడూ ఇంటికే తిరిగొచ్చింది. వారం పాటు చారులో అదే, పచ్చడిలో అదే, మిగిలింది బర్రెకు వేస్తే పాలలోనూ అదే వాసన. పొద్దున కాఫీ తాగబోయి రామ్మోహనరావు కూడా మొహం చిట్లించాడు.

వంకాయకు మాత్రం ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మడులన్నీ పీకింది ఈ పద్నాలుగు బండ్లవాళ్లే కదా! నీలమ్మ ఆనాడు తాను చతికిలబడ్డ చోటు నుంచి లేవక, ఆ రెండు సాళ్లూ పీకనివ్వలేదు. ఆ కాయలు గంపకెత్తి గడప గడపకూ అమ్మింది. వచ్చిన డబ్బుతో మోటకు కొత్త తాడు కొనుక్కొచ్చి మొగుడి ముందు పడేసింది.

అతను ఆ తాడు వైపే చూస్తుండగా రామ్మోహనరావు పుస్తకంతో వచ్చాడు.

"వచ్చే ఏడాది వంకాయ వేయండి, బాలనర్సయ్య గారూ. మీకొక్కరికే చెబుతున్నా."

"సారూ, ధరలన్నీ రాస్కున్నరు. మీ మాట ఎందరు విన్నరో గది గూడ రాస్కున్నరా?"

రామ్మోహనరావు పెన్సిలు నాలుకతో తడుపుకుని, పుస్తకంలో ధరల పక్కన ఇంకో గడికి గీత గీశాడు.

"అయితే ముందే చెప్పండి. వచ్చే ఏడాది మీరు నా మాట వింటారా, వినరా?"

బాలనర్సయ్య కొత్త తాడు భుజాన వేసుకున్నాడు.

"మోట తోల్కుంట సోంచాయించి చెప్త, సారూ," అని బావి వైపు నడిచాడు.