ముప్పై వయొలిన్లు

మా బడిలో సంగీతం పీరియడు నలభై నిమిషాలు. పిల్లలు ముప్పైమంది, వయొలిన్లు ముప్పై, ఒక్కోదానికి నాలుగేసి తీగలు. ఎవరిది వాళ్లను శ్రుతి చేసుకోమంటే, తీగలు కుదిరేసరికి గంట కొడతారు. అందుకని పదకొండేళ్లుగా పొద్దున్నే స్వీపర్ తలుపులు తీసే వేళకు బడికి చేరి, మెట్ల కింద గదిలో కూర్చుని అన్నీ నేనే శ్రుతి చేసి పెట్టేదాన్ని. తీగ బిగించే బిరడా తిప్పడం, మీటి వినడం, పక్కన పెట్టడం. ఒక్కోదానికి నిమిషం పట్టేది. ఈ సంగతి స్వీపర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. నేనూ చెప్పుకోలేదు, అదీ నా తెలివి.

పదకొండేళ్లూ టెంపరరీనే. అంతకుముందు కచేరీల్లో పక్కవాద్యం, రికార్డింగుల్లో వెనక వరస, ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు. కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను. "ఇంకెన్నాళ్లే ఈ తిరుగుడు? నేర్పే ఉద్యోగం చూసుకో, కుదురుగా ఉంటుంది" అని మా అక్క పోరు పెడితే బడిలో చేరాను. అక్కది బ్యాంకు ఉద్యోగం. కుదురంటే ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. పర్మనెంటు కావాలంటే టీచర్ ట్రైనింగ్ ఉండాలన్నారు. నలభై రెండేళ్ల వయసులో, నా శిష్యుల ఈడువాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని అదీ పూర్తిచేశాను.

ఈ ఏడు పోస్టు పడింది. ఒక్కటే. వస్తే ఉంటాను, రాకపోతే ఆ టెంపరరీ కూడా ఉండదు. పోటీకి మిగిలింది ఇద్దరమే: నేనూ, బుంగమూతీ. చిన్నప్పుడు తీగ మీద కమాను కీచుమన్నప్పుడల్లా మూతి ముడిచేదని ఆ పేరు పెట్టాను. ఆరేళ్లు మా ఇంటికొచ్చి నేర్చుకున్న పిల్ల అది.

డెమో క్లాసులో బల్ల వెనక కమిటీవాళ్లు ముగ్గురు కూర్చున్నారు. ముందు పళ్లు ఊడిన ఒక పాప చేతికి వయొలిన్ ఇచ్చి, ఇరవై నిమిషాల్లో పాఠం చెప్పమన్నారు. పాప కమాను లాగింది. రెండో తీగ శ్రుతి దిగిపోయి ఉంది. నేనేదో ఆలోచించి చేసిన పని కాదు, నా చెయ్యి దానంతటదే వెళ్లింది. వయొలిన్ అందుకుని, బిరడా తిప్పి, మళ్లీ పాప భుజం మీద పెట్టి, "ఇప్పుడు వాయించు తల్లీ" అన్నాను. బల్ల వెనక ఒకావిడ ఏదో రాసుకుంది. నా చెవి చూసి మురిసిపోయిందనుకున్నాను! చివరికి పాప ఒక చిన్న వరస తప్పు లేకుండా వాయించింది. బయట బెంచీ మీద వణుకుతూ కూర్చున్న బుంగమూతి వీపు తట్టి, "భయపడకే, పాప చెప్పిన మాట వింటుంది" అని ధైర్యం కూడా చెప్పాను.

పోస్టు బుంగమూతికి వచ్చింది.

ప్రిన్సిపాల్ గదికి వెళ్లి ఎందుకని అడిగాను. ఆయన కాగితం తీసి చదివాడు. "విద్యార్థిచేత చేయించవలసిన పనిని అభ్యర్థి స్వయంగా చేశారు."

"అర్థం కాలేదు సార్."

"ఆ తీగ వాళ్లు కావాలనే దించి ఉంచారమ్మా. ఆ అమ్మాయి పాపతోనే శ్రుతి చేయించింది. ఇరవై నిమిషాలూ దానికే సరిపోయాయి, పాఠం మొదలే కాలేదు. అయినా కమిటీకి తెగ నచ్చేసింది."

"క్లాసులో శ్రుతికంటూ ఆ ఇరవై నిమిషాలు నాకు ఒక్కరోజైనా ఇచ్చారా సార్?"

"రూలు నేను పెట్టింది కాదు కదమ్మా," అని కాగితం మడిచేశాడు.

"నీ చెవే నీ కొంప ముంచిందన్నమాట" అని మా ఆయన నవ్వించబోయాడు. నవ్వు రాలేదు. వారం రోజులు నా వయొలిన్ పెట్టె కూడా తెరవలేదు.

బడి తెరిచిన రెండు వారాలకు బుంగమూతి ఫోన్ చేసింది.

"టీచర్, పిల్లలు శ్రుతి చేసుకునేసరికే గంట కొట్టేస్తున్నారు. ఇంకా ఒక్క పాఠం కూడా మొదలవలేదు. ఇన్నాళ్లూ మీరే చేసి పెట్టేవారని స్వీపర్ చెప్పిందట, పొద్దున్నే మీరొచ్చి చేసి పెడతారేమో ప్రిన్సిపాల్ సార్ అడగమన్నారు. హెల్పర్ అని ఏదో రాసుకుంటారట."

ఎంత ధైర్యం! "నువ్వే చేసుకో. నేను చెయ్యలేదూ?"

అది ఏడుపు మొదలుపెట్టింది. "నాకు రాదు టీచర్. నాదైతే ఫోన్లో శ్రుతి యాప్ చూసుకుంటూ మెల్లగా చేసుకుంటాను. వీటికి ఒక్కోదానికీ పావుగంట పడుతోంది. ఆ రోజు డెమోలో కూడా చేతకాకే పాపకి ఇచ్చాను."

"ఆరేళ్లు నేర్పాను కదే నీకు!"

"వాయించడం నేర్పారు. నేనొచ్చేసరికి మీరు ఎప్పుడూ శ్రుతి చేసి ఉంచేసేవారు. నన్ను ఒక్కరోజు కూడా బిరడా ముట్టుకోనివ్వలేదు టీచర్."

దాన్ని దులిపేయడానికి రెండు వారాలుగా ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో. అవతల అది ముక్కు చీదుకుంటోంది.

"స్వీపర్ ఇప్పుడు ఎన్నింటికి వస్తోంది?" అని అడిగాను.