నా తలలో అలలు

తారీఖు గుర్తుంది, మార్చి పదకొండు. పొద్దున ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు నిలబడే తిన్నాను. ముందురోజు రాత్రంతా అత్తయ్య తిరుగుతూనే ఉంది. "మా ఇంటికి పోదాం పదవే" అంటుంది, సొంత ఇంట్లోనే ఉండి. రెండేళ్లుగా ఆమెకు మతిమరుపు జబ్బు, నాకు రాత్రి కాపలా. "నీకు అలవాటేగా. నేను మధ్యలో లేస్తే మర్నాడు ఆఫీసులో పనికిరాను" అంటారు మా ఆయన. నేనూ పొద్దున్నే ఉద్యోగానికి పరిగెత్తుతానన్న సంగతి ఆ మాటల్లో ఎక్కడా ఇమడలేదు.

నా పని స్కానింగ్ గదిలో. నిద్రలో మెదడు తన్ను తాను ఎలా శుభ్రం చేసుకుంటుందో చూసే పరిశోధన అది. ఆ రోజు మొదట స్కాన్‌కి పడుకోవలసిన మనిషి రాలేదు.

"మిషన్ సరిచూడాలి, నువ్వే పడుకో. ఐదు నిమిషాలే, నిద్రపోకేం" అంది డాక్టరమ్మ.

ఆ మిషన్ మోతలో నిద్ర పట్టడం లేదని వచ్చినవాళ్లంతా గొణుగుతారు. నేను మాత్రం తల వాల్చగానే నిద్రలోకి జారిపోయాను. లేచేసరికి యాభై నిమిషాలు. ఆవిడ నన్ను లేపలేదు. తర్వాతి మనిషిని బయటే కూర్చోబెట్టింది.

"పని చెడగొట్టాను మేడమ్."

"చెడగొట్టావా? ఇలా రా. ఏడాదిలో ఇంత మంచి బొమ్మ రాలేదు."

తెర మీద నా తల. రక్తనాళాల పక్కనుంచి తేట నీరు అల వెనుక అలగా లోపలికొస్తోంది. పేరుకుంటే మతిమరుపు లాంటి జబ్బులకు దారితీస్తుందని వీళ్లు అనుమానించే ప్రోటీన్ మురికిని ఆ నీరే కడిగి తీసుకుపోతుందట. చెప్పేవాళ్లు లేరు, మెచ్చేవాళ్లు లేరు. ఇంటిపని లాంటిదే. నలభై ఆరేళ్లలో నన్ను నేను చూసుకుని ముచ్చటపడడం అదే మొదలు.

"సరిగ్గా పడుకుని ఎన్నాళ్లయింది?" అంది.

"రెండేళ్లు."

ఆవిడ బొమ్మను మళ్లీ మొదటినుంచి వేసి చూపించింది.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "ఇకనుంచి రోజు మార్చి రోజు. ఇవాళ మీ వంతు."

"అమ్మ నా మాట వినదు."

"నా మాటా వినదు. చెయ్యి పట్టుకుని హాల్లో రెండు చుట్లు తిప్పి, ఇల్లొచ్చేసిందని చెప్పండి. పడుకుంటుంది."

"ఇప్పుడు నీకేమైందని?"

"ఏమీ కాలేదు. కాకముందే అడుగుతున్నాను."

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరమ్మాయివో గానీ, కళ్లు పీక్కుపోయాయి. పోయి పడుకో తల్లీ" అంది.

ఆయన తల్లి చెయ్యి పట్టుకున్నారు. మొదటి చుట్టు మొదలైంది. నేను చివరి గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాను.