అత్తగారు చూసిన ఉప్పు జ్వరం

"ఉప్పు జ్వరం" మళ్ళీ పెద్ద తెర మీదికి వస్తోందని తెలిసి స్కార్న్‌విక్ ఊరంతా సంబరపడింది, ఒక్క లొరైన్ తప్ప.

పాతికేళ్ళ కింద ఆ సినిమా తీసింది ఆ ఊరి రేవులోనే. సముద్రంలోంచి ఏదో మాయదారి జ్వరం పుట్టుకొస్తుంది. అది సోకినవాళ్ళకి కళ్ళు ఎర్రబడతాయి, నోట నురగ వస్తుంది, కనిపించినవాళ్ళనల్లా కరుస్తారు. కరిపించుకున్నవాళ్ళు లేచి ఇంకొకళ్ళని కరుస్తారు. కథ అంతే. కానీ ఆ కరిచేవాళ్ళందరూ ఊరి జనమే. చేపలమ్మే ఆవిడా, పోస్టుమానూ, చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దమనిషీ మొహాలకి రంగు పూయించుకుని, చింపిరి గుడ్డలేసుకుని, జన్మలో అరవనంతగా అరుచుకుంటూ వీధుల్లో పరిగెత్తారు.

సినిమా అంతటికీ పేరు తెచ్చిన ఘట్టం ఒకటుంది. నైట్‌గౌను వేసుకున్న ఒకామె చేపల బల్ల మీంచి ఎగిరి మేయరు మీద పడి, ఆయన చెవి కొరికేస్తుంది. టీవీలో ఎన్నిసార్లు వేసినా ఆమె మొహం మసగ్గానే ఉండేది. అదే అదనుగా లొరైన్ ఆడపడుచు మాక్సీన్, "ఆ కొరికింది నేనే" అని ఊరంతా చెప్పుకుంది. పబ్బులో చెప్పింది, బ్యూటీ పార్లర్లో చెప్పింది, గ్రంథాలయంలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పింది. చెప్పగా చెప్పగా తనే నమ్మేసింది.

నిజానికి కొరికింది లొరైన్. మాక్సీన్ ఆ ఘట్టంలో లేకపోలేదు. పక్కన టార్పాలిన్ కింద శవం. బయటికి కనిపించేది ఒక కాలు.

మరి లొరైన్ ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదంటే, ఆ షూటింగు జరిగిన ఆదివారమే అత్తగారు మ్యూరియల్‌కి డెబ్భయ్యో పుట్టినరోజు విందు. కూతురు కనక మాక్సీన్‌ని షూటింగుకి పోనిచ్చింది గాని, కోడలికి ఆ వీలు లేదు. "ఫ్లూ వచ్చింది అత్తయ్యా, లేవలేకపోతున్నా" అని ఫోన్లో మూలిగి, లొరైన్ నేరుగా రేవుకి పోయింది. మొగుడు క్లైవే కార్లో దింపాడు.

ఆ అబద్ధం అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే అత్తగారు సూపు గిన్నెతో దిగింది. వేషం కోసం కంట్లో ఎర్ర లెన్సులు పెట్టుకున్నందుకు లొరైన్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రోజంతా అరిచిన గొంతు పూర్తిగా పోయింది. మ్యూరియల్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. కోడల్ని చూసి గుండె బాదుకుంది. ఆ వారమంతా అక్కడే మకాం వేసి, ఆవిరి పట్టించి, కాళ్ళు రుద్ది, గంటగంటకీ సూపు తాగించింది. అప్పట్నుంచీ ఎవరు తుమ్మినా ఆవిడది ఒకటే పాట: "మా లొరైన్‌ని చావు నోట్లోంచి లాగాను, తెలుసా? కావాలంటే దాన్నే అడగండి."

అడిగినవాళ్ళందరికీ లొరైన్ తలూపింది.

ఇప్పుడు సినిమా హాలువాళ్ళు ఏం ప్రకటించారంటే, పాత రీళ్ళని శుభ్రం చేశారట. ప్రతి వెంట్రుకా విడివిడిగా కనిపిస్తుందట.

"మీరు చూడలేరు అత్తయ్యా, అంతా నెత్తురే," అంది లొరైన్.

"నలభై ఏళ్ళు ఆసుపత్రిలో నేనేమన్నా పూలు కట్టానా?" అంది మ్యూరియల్. ఆవిడకి తొంభై దాటాయి. కర్ర పట్టుకుని నడుస్తుందన్న మాటేగాని మాట మాత్రం కర్ర లేకుండానే తగుల్తుంది. "నా కూతురు కొరికిన సినిమా. చచ్చేలోగా ఒక్కసారి పెద్దగా చూడొద్దూ?"

"హాల్లో చలి మరి."

"దుప్పటి తెచ్చుకుంటాను."

క్లైవ్ పేపరు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. లొరైన్ బల్ల కింద అతని కాలు తొక్కింది.

చివరికి టికెట్లు తనే కొంటానని వెళ్ళి, బుకింగులో కూర్చున్న అమ్మాయిని, "మీ హాల్లో అన్నిటికన్నా చెడ్డ సీట్లు ఏవమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి స్తంభం వెనకాల సీట్లు ఇచ్చింది.

శనివారం మాట్నీకి హాలు కిటకిటలాడింది. కొంతమంది కుర్రకారు మొహాలకి ఎర్రరంగు పూసుకొచ్చారు. ముందు వరసలో మాక్సీన్ నైట్‌గౌను మీద శాలువా కప్పుకుని, ఒళ్ళో పూలగుత్తితో పెళ్ళికూతురిలా కూర్చుంది. ఆట మొదలవకముందు మైకు పట్టుకుని, "ఆ ఎగరడానికి నేను ఎన్నాళ్ళు సాధన చేశానో..." అని మొదలుపెట్టి, మేయరు చెవి రుచి దాకా వెళ్ళింది. జనం ఈలలు వేశారు.

మ్యూరియల్ స్తంభాన్ని ఓసారి ఎగాదిగా చూసింది. పక్క సీటులో కూర్చున్న గడ్డం కుర్రాణ్ణి కర్రతో పొడిచి, "నాయనా, నువ్వు ఈ స్తంభాన్ని చూస్తూ కూర్చో, నేను అక్కడ కూర్చుంటాను," అంది. పాపం, వాడు లేచాడు.

లొరైన్‌కి ఇంక ఒకటే దారి మిగిలింది. చేపల సంత రాగానే అత్తగారి ఒళ్ళో చేతిలో ఉన్న ఐస్‌క్రీం పడేయాలి. ఆవిడ కిందికి చూసి తుడుచుకునేలోగా ఘట్టం అయిపోతుంది.

దీపాలు ఆరాయి. తెర మీద రేవు వెలిగింది. లొరైన్ తన భయం కాసేపు మరిచిపోయింది. అదే పాత వీధి, మూతబడిన రొట్టెల కొట్టు, పోయిన పోస్టుమాను నురగలు కక్కుతూ పరిగెత్తడం. ఆయన తెర మీదికి రాగానే హాలంతా పేరు పెట్టి పిలిచింది. వెనకాల ఆయన కూతురు కాబోలు, ఏడుస్తూ నవ్వింది.

చేపల సంత వచ్చింది. మేయరు పరిగెత్తుకొచ్చాడు. లొరైన్ కప్పు ఒంపేసింది. ఐస్‌క్రీం ముద్ద సరిగ్గా అత్తగారి ఒళ్ళోనే పడింది.

మ్యూరియల్ కిందికి చూడలేదు. చూసినా ప్రయోజనం ఉండేది కాదు. ఎందుకంటే బల్ల మీంచి ఎగిరిన ఆ మొహం తెరంతా నిండిపోయింది. పొట్టి ముక్కు, ముందు పళ్ళ మధ్య సందు, గడ్డం మీద పుట్టుమచ్చ. పగటి వెలుతురంత స్పష్టంగా లొరైన్, మేయరు చెవి పట్టుకుని కుక్కపిల్ల చెప్పుని గుంజినట్టు గుంజుతోంది.

మ్యూరియల్ చెవి మిషను తీసేసి కూర్చుంది కనక గొంతు ఎంత పెద్దదో ఆవిడకి తెలియలేదు.

"అది మా కోడలు!"

హాలంతా వెనక్కి తిరిగింది. "నా డెబ్భయ్యో పుట్టినరోజునాడు ఫ్లూ అని పడుకుంది! అదుగో, ఎలా ఎగురుతోందో చూడండి!"

నవ్వులు పైకప్పుని తాకాయి. ముందు వరసలో పూలగుత్తి మెల్లగా కిందికి జారిపోయింది. ఆ తరవాత సినిమా అయ్యేదాకా అత్తగారు కోడలి వైపు తిరగలేదు. మేయరుకి పట్టిన గతే నయమనిపించింది లొరైన్‌కి.

బయట వరండాలోకి రాగానే మాక్సీన్ ఎదురొచ్చింది. "ఈ కొత్త మిషన్లు ఏం చేస్తున్నాయో చూశావా అమ్మా? మనుషుల మొహాలే మార్చేస్తున్నాయి!"

"నీ కాలు మాత్రం మార్చలేదే," అంది మ్యూరియల్. "చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ మచ్చ, అలాగే ఉంది."

మాక్సీన్ శాలువా కాళ్ళ మీదికి లాక్కుంది.

అత్తగారు బెంచీ మీద కూర్చుని, చెవి మిషను పెట్టుకుని, కోడలి వైపు తిరిగింది. "చెప్పు."

"లెన్సుల వల్ల కళ్ళు, అరవడం వల్ల గొంతు," అంది లొరైన్ నేలకేసి చూస్తూ. "మీరు సూపుతో వచ్చేసరికి ఎలా చెప్పాలో తెలియలేదు అత్తయ్యా."

"నేను బిషప్పుగారికి కూడా చెప్పాను, నిన్ను బతికించానని." ఆవిడ కర్రతో నేలని ఓసారి పొడిచింది. "అంత చేదా నా విందు?"

లొరైన్ తలెత్తింది. ఎలాగూ మునిగాను, ఇంక చలేమిటి అనుకుంది. "మీరు ప్రతిసారీ నన్ను సిరిల్ బాబాయి పక్కన కూర్చోబెడతారు. ఆయన తన మూత్రపిండాల గురించి తప్ప మాట్లాడడు. తరవాత చుట్టాలందరూ షెర్రీ తాగుతుంటే గిన్నెలన్నీ నేనే తోమాలి. మీ అబ్బాయి తడి గుడ్డైనా పట్టుకోడు."

క్లైవ్ గోడ మీది పోస్టరు మీద ఎక్కడలేని శ్రద్ధ చూపించాడు.

 మ్యూరియల్ పొట్ట ముందు కదిలింది, ఆ పైన నవ్వు వచ్చింది. "నేను మా అత్తగారింట్లో ముప్ఫై ఏళ్ళు తోమానే! ఇలాంటి ఉపాయం ఉందని ఒక్కరైనా చెప్తే ఇద్దరు మేయర్లని కొరికేదాన్ని."

ఇంతలో ఎర్రమొహాల కుర్రకారు లొరైన్ చుట్టూ మూగారు. ఫొటో కావాలన్నారు. ఎవర్నైనా కొరకాలన్నారు. మ్యూరియల్ వాళ్ళని కర్రతో పక్కకి తప్పించి, మెడ మీది రుమాలు విప్పింది. "నన్ను కొరుకు. పళ్ళు గట్టిగా ఆనించు, సిగ్గుపడకు." లొరైన్ కొరికింది. అత్తగారు కళ్ళు తేలేసి ఎంత బాగా అరిచిందంటే, టికెట్లమ్మే అమ్మాయి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. మాక్సీన్ దూరంగా నిలబడి ఉంటే లొరైనే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "రా వదినా, నువ్వు చెప్పకపోతే ఈ ఘట్టాన్ని ఇన్నేళ్ళు ఎవరు గుర్తుపెట్టుకునేవారు?" మాక్సీన్ కాసేపు బెట్టు చేసింది గాని, రెండో ఫొటోలో నురగ కక్కింది.

తరవాత అందరూ రేవు గోడ మీద కూర్చుని, పొట్లాల్లో వేడి చేపా, బంగాళాదుంప వేపుడూ తిన్నారు. క్లైవ్‌ని వెనిగరు కోసం మూడుసార్లు తిప్పారు. సముద్రపక్షులు పొట్లాల మీదికి దిగుతుంటే మ్యూరియల్ కర్ర ఊపుతోంది.

"సినిమా ఎలా ఉంది అత్తయ్యా?" అడిగింది లొరైన్.

మ్యూరియల్ నమిలింది మింగి, బాగా ఆలోచించింది.

"ఆ డాక్టరు వెధవని ఉద్యోగంలోంచి పీకెయ్యాలి. ఊరంతా జ్వరాలు పెట్టుకుని, సినిమా మొత్తం మీద ఒక్కడైనా చేతులు కడుక్కున్నాడా?"