ఎర్ర చుక్క పెట్టిన ఫోను

నాలుగో లైను మూతపడిన రోజు కూడా ఓమ్‌వతి మామూలుగానే రబ్బరు ముక్కను చెవికి ఆనించుకుని పని మొదలుపెట్టింది. ఫోను తీసుకుని "హలో, వినబడుతోందా" అంటుంది. తన గొంతే తనకు తిరిగి వినిపిస్తే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క అతికించి ట్రేలో పెడుతుంది. నోయిడాలోని ఆ ఫోన్ల కర్మాగారంలో ఆమె వయసు చాలావరకు ఈ ఒక్క మాటతోనే గడిచింది. ఇంట్లో ఆమె పెద్దగా మాట్లాడదు. వేళ్ళ చివర్లు జిగురుకు బిరుసెక్కాయి. ఎడమ చెవి తమ్మె ఎప్పుడూ కాస్త ఎర్రగా ఉంటుంది.

రబ్బరు ముక్క ఆమె ఆలోచనే. ఫ్యాన్ల మోతలో ఫోను గొంతు సరిగా వినబడడం లేదని, తెగిపోయిన చెప్పులోంచి గుండ్రంగా ముక్క కోసి, నడుమ చిల్లి పెట్టి విన్నది. మోత ఆగింది. పక్క బల్ల దగ్గరుండే బిమ్లేశ్ అది చూసి ముచ్చటపడి లైనులో అందరికీ తలా ఒకటి కోసి పంచింది. అప్పటినుంచి దాని పేరు "బిమ్లేశ్ చెవి" అయింది. ఇది ఓమ్‌వతి అక్కదని బిమ్లేశ్ చెప్పకపోలేదు. కాని ఆమె ఏం చెప్పినా నవ్వుతూ చెబుతుంది గనక అదీ వేళాకోళమే అనుకున్నారు.

బిమ్లేశ్ పొట్టిగా ఉంటుంది. ముందు పన్ను సగం విరిగింది. ఆమె ఫోన్లతో హలో అనదు. "ఏమ్మా, అత్తారింట్లో బుద్ధిగా ఉంటావా" అని అడుగుతుంది. లైను పొడుగునా నవ్వులు. నిరుడు దీపావళికి కంపెనీ లైనుకొక ఫోను బహుమానంగా ఇస్తే, చీటీ ఆమె పేరునే వచ్చింది. మధ్యాహ్నం రేకుల షెడ్డులో కూర్చుని ఖుర్జాలోని అన్నకు ముఖం చూపిస్తూ, డబ్బాలోని కూర చూపిస్తూ మాట్లాడుతుంది. ఓమ్‌వతి దగ్గరున్న బటన్ల ఫోనులో సూరత్‌లోని కూతురి గొంతు మాత్రమే వస్తుంది. కూతురికి ఆడపిల్ల పుట్టింది. "నా ఫోనులో చూడక్కా" అని బిమ్లేశ్ ఒకసారి చెయ్యి చాపింది. దాని చేతిలోంచి నా మనవరాలిని చూడాలా అనిపించి, ఓమ్‌వతి తలనొప్పి అని చెప్పి లేచిపోయింది.

నెలాఖరున ఎర్ర చుక్కల ఫోన్లు పనివాళ్ళకు తక్కువ ధరకు అమ్ముతారు. నాలుగో లైనులో తయారయ్యేది ముఖాలు కనిపించే ఫోన్లలో అన్నిటికన్నా చవకైనది. ఓమ్‌వతి ఆశంతా ఆ అమ్మకం మీదే.

ఆ పొద్దున టీ దగ్గర అందరి నోటా కేసు మాటే. ఫోను లోపలి సాంకేతికత ఒక విదేశీ కంపెనీ పేటెంటు. దానికి రుసుము అడిగారు. లోపలి చిప్పు మీద కాదు, మొత్తం ఫోను ధర మీద. అంత ఇస్తే ఇది పేదవాళ్ళు కొనే ఫోను కాదని యజమాని, పెద్ద కంపెనీల పెత్తనం మీద విచారించే పోటీ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. దాంతో ఆ విదేశీ కంపెనీవాళ్ళు సరుకు ఆపించమని హైకోర్టుకు వెళ్ళారు.

"గది అద్దెకిచ్చి, మనం వండుకునే పప్పులోనూ వాటా అడిగినట్టుంది" అంది బిమ్లేశ్. సూపర్‌వైజరు త్యాగీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ మాట కంపెనీ వకీలుగారికి చెబుతానన్నాడు.

"కనిపెట్టినవాళ్ళకి ఇవ్వొద్దా?" అంది ఓమ్‌వతి. "ఒకళ్ళు కనిపెడితే ఇంకొకళ్ళు పేరు పెట్టుకోవడమేనా?"

బిమ్లేశ్ గ్లాసు దించి ఆమె ముఖంలోకి చూసింది.

తరువాత బిమ్లేశ్ నీళ్ళకు వెళ్ళినప్పుడు, ఓమ్‌వతికి ఆమె ట్రేలో, తుడిచే గుడ్డ కింద, ఒక ఫోను అంచు కనిపించింది. ఎర్ర చుక్క ఉంది. ఓమ్‌వతి దాన్ని తీసి హలో అంది. తన గొంతు నూతిలోకి అరిస్తే మారుమోగినంత శుభ్రంగా తిరిగొచ్చింది. బాగున్నదానికి ఎర్ర చుక్క పెట్టి అమ్మకం దాకా దాచుకోవడం అక్కడ చాలామంది చేసే పనే. కాని ఈ బిమ్లేశ్‌కు ఇప్పటికే ఒకటి ఉందిగా, ఇంకొకటా! గోటితో ఎర్ర చుక్క పీకి ఆకుపచ్చది అతికించి, కదిలే బెల్టు మీద పెట్టింది. అది పెట్టెలోకి పోయేదాకా చూసింది. చాలా రోజుల తరువాత ఆమెకు ఆకలి వేసింది.

భోజనాలైన కాసేపటికి కోర్టు పంపిన అధికారి వచ్చాడు. బెల్టు ఆగింది. తీర్పు వచ్చేదాకా సరుకు కదలకూడదట. పెట్టెలన్నీ గోదాములో పెట్టించి తలుపుకు లక్క సీలు వేయించాడు. సాయంత్రం త్యాగీ పేర్లు చదివాడు. ఓమ్‌వతిని బటన్ల ఫోన్ల లైనుకు మార్చారు. బిమ్లేశ్‌ను రేపటినుంచి రావద్దన్నారు.

గేటు దగ్గర బిమ్లేశ్ ఆమె చేతిలో ఒక చిన్న ఎర్ర మఖమలు సంచీ పెట్టింది. పాత రవిక గుడ్డ. మూతికి తాడు.

"కొలత చూసి ముందే కుట్టేశానక్కా. ఫోనే ఎటో పోయింది. నువ్వడగవని నేనే ఎర్ర చుక్క పెట్టి దాచాను, అమ్మకంలో నువ్వు తీసుకుంటావని. ఎవరు పట్టుకుపోయారో."

ఓమ్‌వతి తాడు వేలికి చుట్టుకుంది.

"ఎవరో తీసుంటారు" అంది.

"పోనీలే. సీలు తీశాక ఇంకొకటి వెతుకుదాం. మనవరాలు అప్పటికి నడుస్తుంది, నడక కూడా చూద్దువుగాని."

బిమ్లేశ్ ఖుర్జా వెళ్ళిపోయింది. వానాకాలం చివర కామెర్లతో పోయిందని ప్యాకింగులో పనిచేసే ఖుర్జా ఆవిడ చెప్పింది. ఆ రోజు ఓమ్‌వతి సెలవు పెట్టలేదు. సాయంత్రం దాకా హలో అంటూనే ఉంది.

ఇప్పుడు పక్కవాళ్ళు "బిమ్లేశ్ చెవి ఇలా ఇవ్వు" అంటే ఇస్తుంది. పేరు దిద్దదు. కేసు వాయిదాల్లో ఉంది. గోదాము సీలు ఇంకా తియ్యలేదు. సూరత్‌లో పిల్ల నడుస్తోందట. ముఖం ఆమె ఇంకా చూడలేదు. డబ్బా సంచిలో, రొట్టెల గుడ్డ కింద, మఖమలు సంచీ ఖాళీగా ఉంది. తాడుకు బిమ్లేశ్ వేసిన ముడి ఇంకా విప్పలేదు.