అమ్మ బొటనవేలు

"నువ్వేం బెంగ పెట్టుకోకు. కొట్లో నీ పని ఎక్కడికీ పోదు" అన్నాడు అన్నయ్య, నెత్తిన పాలు పోస్తున్నవాడిలా.

ఆమె మొద్దు గీకుతోంది. మాంసం నరికే మొద్దు మీద రాళ్ల ఉప్పు చల్లి, ఇనుప రేకుతో పాత జిడ్డంతా గీకి, మరిగే నీళ్లు పోసి ఆరబెడితే గాని బేరం మొదలుపెట్టకూడదు. అది అమ్మ నేర్పిన పద్ధతి. అమ్మ పోయాక కొట్టు తెరవడం ఇదే మొదలు. షట్టర్ తనే ఎత్తింది, కొక్కేలు తనే కడిగింది, కత్తి తనే నూరింది. అన్నయ్య మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, అమ్మ కూర్చునే ఎత్తుబల్ల మీద కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. ఆ బల్ల మీద వాడు కూర్చోవడమూ ఇదే మొదలు.

నీ పని అట. ఆ మాటని ఆమె ఉప్పుతో కలిపి రుద్దింది. పాలపళ్లు ఊడకముందే ఈ కొట్లో ఈగలు తోలింది. ఒంటిమీద స్కూలు గౌను విప్పకుండానే పేగులు కడిగింది. "దానికి వాసన పట్టదులే, అలవాటైపోయింది" అనేవాళ్లు ఇంట్లో. అన్నయ్యకి మాత్రం పట్టేది. వాంతొస్తుందని వాడికి పైగదిలో చదువుకునే బల్ల వేశారు. ఆ చదువు ఎటు పోయిందో గాని వాసన పట్టడం మాత్రం అలాగే ఉండిపోయింది. పెళ్లయిన కొత్తలోనే ఆయన ముక్కు మూసుకుని "ఎంత రుద్దుకున్నా పోదా ఇది?" అన్నారు. ఆ వాసనలోంచి వచ్చిన డబ్బుతో బండి కొనుక్కున్నప్పుడు ఆయన ముక్కు ఎక్కడ పెట్టుకున్నారో తెలీదు. తెల్లారకముందే లేచి వంట, ఆపైన కొట్లో నరుకుడు, ఇంటికెళ్లాక మళ్లీ అంట్లు. అత్తగారు ఇంటికొచ్చినవాళ్లతో అనేది, "మా కోడలికి పనేం ఉందమ్మా, పుట్టింటి కొట్లో కాలక్షేపానికి కూర్చుంటుంది" అని. ఆ కాలక్షేపం చేసే చేతికి చలికాలం వస్తే వేళ్లు ముడుచుకోవు.

అమ్మ ఒక్కతే వేరేగా చూసింది. "కత్తి పట్టినవాళ్లదే కొట్టు. నా తర్వాత ఇది నా కూతురిది" అని కొనేవాళ్ల ముందూ, కొడుకు ముందూ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది.

చలి మొదలయ్యే రోజుల్లో ఆ మాట మీదే గొడవైంది. కొట్టు అమ్మేసి తనకి వాటా ఇమ్మని అన్నయ్య వచ్చాడు. అమ్మ వినిపించుకోకుండా పక్కటెముకలు నరుక్కుంటూనే ఉంది. "ఈ కత్తిని చూసుకునేగా నీకింత పొగరు" అంటూ వాడు కత్తి లాక్కోబోయాడు. అమ్మ వదల్లేదు. పిడి వాడి చేతిలోకి వెళ్లింది, అంచు అమ్మ చేతిలో ఉండిపోయింది. వాడు లాగాడు. కుడి బొటనవేలు అడ్డంగా తెగి, నెత్తురు చివ్వున చిమ్మి గోడ మీది అద్దం మీద పడింది. వాడు వెనక్కి తిరిగి కూడా చూడకుండా షట్టర్ని ఒక్క తన్ను తన్ని పోయాడు. వీధి చివరి ఆస్పత్రిలో నర్సమ్మ కుట్లు వేసింది. ఆమె వీళ్ల కొట్టుకి ఎప్పట్నుంచో వచ్చే మనిషి. "ఏం కోసుకుందమ్మా?" అనడిగితే అమ్మ నవ్వి, "నా కడుపున పుట్టినవాడే కోశాడు, రాసుకో" అంది. నర్సమ్మ నవ్వలేదు. రాసుకుంది.

విల్లు రాయించేస్తానని అమ్మ ఆ వారంలోనే కూతుర్ని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లింది. అమ్మకి అక్షరం రాదు, వేలిముద్రే. గుమాస్తా కట్టు చూసి, "మానాక రండి, దీంతో ముద్ర సరిగ్గా పడదు" అని పంపేశాడు. వేలు మానింది. అడ్డంగా లోతైన గాటు మిగిలింది. రేపో మాపో వెళ్దాం అనుకుంటుండగానే అమ్మ మొద్దు దగ్గరే కుప్పకూలింది. మాట పడిపోయింది. ఆస్పత్రి వాళ్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. మళ్లీ కళ్లు తెరవలేదు.

పైగదిలో అమ్మ పక్కన కూర్చుని కూర్చుని ఒళ్లు హూనమైపోయి ఉండగా ఆయన వచ్చి ఆమె భుజమ్మీద చెయ్యేశారు. "ఇంటికెళ్లి కాసేపు పడుకో. నేను చూసుకుంటాలే" అన్నారు. కాపురానికి వచ్చింది మొదలు ఆ నోట అలాంటి మాట ఆమె వినలేదు. కళ్లు చెమర్చాయి. దారి పొడవునా, ఎంత కాదన్నా మంచి మనిషే అనుకుంటూ నడిచింది. మర్నాటికి అమ్మ పోయింది. ఒళ్లు కడిగింది కూతురే. కుడి బొటనవేలి నిండా నీలం మరక ఉంది. ఏ మందు రంగో అంటుకుందనుకుంది. అమ్మని మరకతో పంపడానికి మనసొప్పక, సబ్బు పెట్టి, గోటి సందు కూడా వదలకుండా రుద్ది రుద్ది పోగొట్టింది. ఆమెకి చేతనైన పని అదేగా.

బయట బండి ఆగింది. ఆయన లోపలికొచ్చి, మొద్దు మీద నీళ్లు తగలకుండా పక్కకి జరిగి నిలబడ్డారు.

"చెప్పారా బావగారూ?"

"చెబుతున్నా." అన్నయ్య జేబులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "అమ్మ రాసిన విల్లు మీద నాకేం అభ్యంతరం లేదని. ఇక్కడ సంతకం పెట్టు."

"అమ్మ విల్లు రాసిందా? ఎప్పుడు?"

"పోయినేడు వానాకాలంలో. నీకు చెప్పి రాయాలా ఏంటి?"

"ఏదీ, చూపించు."

"చూసి ఏం పొడుస్తావు?"

"చదివి పెడతాను."

చెంప ఛెళ్లుమంది. కొట్టింది అన్నయ్య కాదు, ఆయన. "పెద్దవాడు చెబుతుంటే నమ్మకం లేదే నీకు? మొగుణ్ని, పక్కనే ఉన్నాను, నన్ను చూసైనా పెట్టొద్దూ?" ఆమె తమాయించుకునే లోపే అన్నయ్య బల్ల దిగి జుట్టు ఒడిసి పట్టుకున్నాడు. తల త్రాసు అంచుకి కొట్టుకుంది. పెదవి చిట్లి నోట్లోకి ఉప్పగా దిగింది. "పెడతావా, వేలు పట్టుకుని నేనే అద్దించుకోనా?" అంటూ వాడు ఆమె కుడిచేతిని మొద్దు మీదికి లాగి అదిమాడు.

గుమ్మంలో సంచీ పట్టుకుని నర్సమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

ఆమె ఎడంచేతికి కత్తి తగిలింది. పొద్దున తనే నూరిన కత్తి. గొంతు దగ్గర ఎక్కడ మెత్తగా ఉంటుందో, మణికట్టు కీలు ఎక్కడ సులువుగా విడుతుందో ఆ చేతికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఒక్క దెబ్బ చాలు, రెండోది అక్కర్లేదు. ఎంత హాయిగా ఉంటుందో కూడా తెలిసిపోయింది. ఆ హాయికి ఆమె ఒళ్లు గగుర్పొడిచింది. కత్తి దిగింది.

అన్నయ్య కేక వేసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేళ్లు ఉన్నాయో లేవో చూసుకున్నాడు. అవి ఉన్నాయి. వాటికి వెంట్రుకవాసి దూరంలో కత్తి మొద్దులో సగం దిగి నిలబడి ఉంది.

"విల్లు" అంది ఆమె.

వాడు తను తెచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం లాగి ఆమె మీదికి విసిరాడు. "చదువుకో తల్లీ. అది నకలే. అసలుది నిన్ననే లైసెన్సు ఆఫీసులో ఇచ్చేశాను, కొట్టు నా పేరుకి మార్చమని. చింపి పోగులు పెట్టినా ఏం పీకలేవు."

ఆమె పైట చెంగుకి చేతులు తుడుచుకుని చదివింది. కొట్టూ పైగదీ నా కొడుకుకే చెందాలి. నా కూతురికి పెళ్లి చేసి పంపాను గనుక ఆమెకి ఏమీ అక్కర్లేదు. అమ్మ ఏనాడూ అనని మాటలు. పైన పోయిన వానాకాలం తేదీ వేసి ఉంది. కింద కుడి బొటనవేలి ముద్ర ఉంది. ముద్ర మధ్యలో, సన్నటి గీతలన్నిటినీ రెండుగా చీలుస్తూ, అడ్డంగా ఒక తెల్లచార.

దాని పక్కన సాక్షి సంతకం ఉంది. ఆ సంతకాన్ని ఆమె బండి కాగితాల మీద చూసింది, పిల్లల స్కూలు కాగితాల మీద చూసింది.

ఇంటికెళ్లి కాసేపు పడుకో. నేను చూసుకుంటాలే.

ఆమె తలెత్తి మొగుడి వంక చూసింది. అతను గోడ మీది అద్దంలోకి చూస్తున్నాడు.

"చచ్చిపోతున్న మనిషి చెయ్యి నువ్వు పట్టుకున్నావా, వీడు పట్టుకున్నాడా?" అని అడిగింది.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోట 'నువ్వు' అనే మాట అతను వినలేదు. "ఏంటే, నోరు లేస్తోంది?" అన్నాడు గాని గొంతులో పస లేదు.

"అన్నయ్యా, అసలుది ఆఫీసులో ఇచ్చేశానన్నావు. మళ్లీ వెనక్కి తీసుకోలేవుగా?"

"ఎందుకు తీసుకుంటాను? ముద్ర వేయించి రసీదు కూడా తెచ్చుకున్నా."

"మంచిపని చేశావు."

వాడికి అర్థం కాలేదు. కొట్లో ఒక్కరోజు పని చేసినా అర్థమయ్యేది. కత్తితో బతికే చోట ఏ వేలికి ఏ గాటు ఎప్పుడు పడిందో అందరికీ గుర్తుంటుంది. వాడు వాసన భయానికి పైగదిలో పెరిగాడు. చివరికి తను కోసిన వేలిని తనే గుర్తుపట్టలేకపోయాడు.

ఆమె కాగితాన్ని గుమ్మంలోకి చాచింది. "నర్సమ్మా, మీరు కుట్లు వేసిన వేలు ఇదేనా చూడండి. తేదీ కూడా చూడండి."

నర్సమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. తేదీ చూసింది, మళ్లీ ముద్ర చూసింది. "నాలుగు కుట్లు. నా చేత్తోనే వేశాను" అంది మెల్లగా. "పోయినేడు వానల్లో మీ అమ్మ వేలికి ఏ గాటూ లేదమ్మాయ్. ఎవరు కోశారో కూడా ఆస్పత్రిలో రాసే ఉంది."

అన్నయ్య కాగితం కోసం ముందుకొచ్చాడు. ఆమె చెయ్యి కత్తి పిడి మీద పడింది. వాడు ఆగిపోయాడు.

"ఇద్దరూ బయటికి నడవండి. కొట్టు మూస్తున్నాను."

"ఇంటికి రా, నీ సంగతి చెబుతా" అన్నాడు మొగుడు, గుమ్మం దిగుతూ.

"ఏ ఇంటికి?" అంది ఆమె. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

కత్తి ఊడబీకి, తుడిచి, కొక్కేనికి తగిలించింది. షట్టర్ దించి తాళం వేసింది. నర్సమ్మ సంచీలోంచి నీళ్ల సీసా తీసింది. "ముందు మొహం కడుక్కో. గడ్డం దాకా కారుతోంది నెత్తురు."

ఆమె ఆ నీళ్ల వంక చూసింది. పుట్టి బుద్ధెరిగాక చేసిందంతా అదే. మొద్దులు, పేగులు, అంట్లు, బట్టలు, చివరికి అమ్మ వేలు. ఎవరు ఏ మరక చేసినా కడిగి శుభ్రంగా అప్పజెప్పడమే.

"వద్దు నర్సమ్మా" అంది, పోలీసు స్టేషను వైపు నడుస్తూ. "అమ్మ వేలి మీది మరక కడిగేశాను. ఇది కడగను."