బ్లేడు కింద చెయ్యి

భువనగిరి బయట రోడ్డు పక్కనున్న ఫంక్షన్ హాల్ల తాజుద్దీన్ మూడేండ్ల సంది తోట పని చేస్తుండు. ఎండకాలం. తెల్లారితే లగ్గం. పెండ్లోళ్లు ఊకె వచ్చి సతాయిస్తున్నరని మేనేజర్ రఘుపతి అన్నానికి పోతూ గేటుకు బయట తాళమేసిండు. "నేనొచ్చేసరికి గడ్డి కోసుడు అయిపోవాలె" అని చెప్పి పోయిండు.

గడ్డి కోసే మిషన్ మొండికేసింది. స్టార్ట్ చేసే తాడును ఎంత గుంజినా జానెడు కూడ రాలేదు. తాజుద్దీన్ పైమూతకున్న మూడు బోల్టులు విప్పి, తాడు చుట్టుకునే చక్రాన్ని చేతిల పట్టుకొని గుంజి చూసిండు. సర్రున వచ్చింది, వదిలితే సర్రున లోపలికి పోయింది. తాడు మంచిగనే ఉంది, స్ప్రింగూ మంచిగనే ఉంది. అంటే అడ్డం పడ్డది కిందనే. మూత మళ్ల బిగించి మిషన్‌ను పక్కకు ఒరిగించిండు. మొన్నటి పెండ్లిల కట్టిన సీరియల్ బల్బుల వైరు, బ్లేడు ఇరుసుకు చుట్లు చుట్లుగ బిగుసుకపోయి ఉంది.

ఇంజన్ స్పార్క్ ప్లగ్గు విప్పి, లోపలి గాలి పోయినంకనే కింద చెయ్యి పెట్టాలె. ఆ సంగతి ఆయనకు ఎరుకే. అయినా తొందరల వైరు కొసను పట్టి గట్టిగ గుంజిండు. ఇంజన్ల బిగపట్టిన గాలి ఒక్కసారి ఎదురు తన్నింది. బ్లేడు గిర్రున తిరిగి, కుడిచేతి మూడు వేళ్లను ఇనుప అంచుకు అదిమి పట్టింది.

మొదాలు నొప్పి తెలువలేదు. చెయ్యి వెనుకకు గుంజుకుంటె మాత్రం కండ్లకు చీకట్లొచ్చినయి. ఎడమచేత్తోని బ్లేడును తోసిండు. కదలలేదు. ప్లగ్గు చూస్తే మిషన్‌కు అవుతలి పక్క, చెయ్యి అందదు. ఫోన్ పది గజాల దూరంల, నల్లా మీద ఆరేసిన అంగీ జేబుల మోగుతాంది. మిషన్‌ను ఈడ్చుకుంట పోదామని చూసిండు. జానెడు జరిగేసరికి నెత్తురు బొటబొట కారింది. ట్యాంకుల నుంచి పెట్రోలు కారి మోకాళ్ల కింద గడ్డి తడిసింది.

"ఎవరన్న ఉన్నరా!"

గోడల అవుతల లారీలు పోతున్నయి. దూరంగ ఖిల్లా మెట్లెక్కే మనుషులు చీమల్లెక్క కనబడుతున్నరు. వాళ్లకు ఈయన అరుపు యాడ వినబడతది? అరుసుడు ఆపితే ఏడుపొస్తదని అరుస్తనే ఉన్నడు.

గోడ వెనుక గొర్ల గంటలు వినబడ్డయి. బక్కమ్మ మంద. అరువయ్యేండ్ల మనిషి. వారం కింద ఆమె గొర్లు గోడ కింది మోరీ తూములకెళ్లి లాన్ల పడితే, తాజుద్దీన్ వాటిని కట్టెతోని కొట్టి, ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి, తూముకు రాళ్లు, కంప అడ్డం పెట్టిండు.

"అవ్వా! బక్కవ్వా! మిషన్ల చెయ్యి ఇరుక్కపోయింది. సస్తున్న!"

గంటలు ఆగినయి.

"నా గొర్లను కొట్టినోడివి నువ్వేనా?"

"నేనే అవ్వా. నేనే."

అవుతల రాళ్లు దొర్లినయి. కంప గుంజిన సప్పుడయింది. ఎంతసేపో. తూములకెళ్లి ముందుగాల ఆమె కట్టె వచ్చింది, తర్వాత తల. ఆయన చెయ్యి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"భయపడకు అవ్వా. గా పనిముట్ల డబ్బల గొట్టమసొంటి పానా ఉంది, తీస్కో. మిషన్ అవుతలికి పో. ప్లగ్గు మీద నల్లటి టోపీ ఉంటది, గుంజెయ్యి."

"ఊడింది."

"దాని కింద తెల్లటి ముక్క ఉందా? గొట్టం దానికి తొడిగి ఎడమకు తిప్పు."

"తిరుగుతలేదు బిడ్డా."

"గొట్టానికి బొక్క ఉంటది. అండ్ల ఇనుప పుల్ల దూర్చి, బలంగ."

ఆమె మిషన్‌కు కాలు తన్నిపెట్టి తిప్పింది. కిర్రుమన్నది. ప్లగ్గు ఊడేసరికి లోపలి గాలి తుస్సుమని పోయింది. నడుముకున్న కొడవలితోని వైరు చుట్లు కోసి, బ్లేడుకు కట్టె ఆనించి వెనుకకు తోసింది. చెయ్యి బయటపడ్డది.

అసలు నొప్పి అప్పుడు మొదలైంది. ఆమె కొంగు చింపి వేళ్లకు గట్టిగ చుట్టింది. గేటుకు తాళం. రఘుపతికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఎప్పుడొస్తడో తెలువది. తూములకెళ్లి ఆమె ముందు పాకింది, ఆయన ఎడమ మోచేతి మీద ఈడ్చుకుంట వెనుక పోయిండు. తూము నడుమల భుజాలు ఇరుక్కున్నయి. ఊపిరాడలేదు.

"నాతోని కాదు అవ్వా."

"అయితది. ఊపిరి ఇడిచిపెట్టు" అని ఆమె చంకల చెయ్యేసి గుంజింది.

బయట గొర్లు రోడ్డు దాక చెదిరిపోయి ఉన్నయి. బక్కమ్మ వాటి దిక్కు ఒకసారి చూసి, ఆటో ఆపి, ఆయనతోపాటు ఎక్కింది.

దవాఖానల ఉంగరపు వేలు పై కణుపు తీసేసిన్రు. మిగిలిన రెండు వేళ్లు దక్కినయి. మళ్ల ఇరుక్కున్నట్టయితదని, కుట్లేస్తున్నంతసేపు తాజుద్దీన్ తలుపు మూయనియ్యలేదు. భార్య జాహేదా ఉరికొచ్చి బక్కమ్మ చేతులు పట్టుకొని ఏడ్చింది.

"పానం దక్కింది కదా బిడ్డా. ఇగ నేను పోత. గొర్లు ఆగమైనయి" అని ఆమె లేచింది.

మూడు గొర్లు దొరకలేదని నాలుగొద్దులకు తెలిసింది. తాజుద్దీన్ కట్టు చెయ్యి మెడకు వేలాడేసుకొని ఆమె వెంట ఊరూరు తిరిగిండు. రెండు దొరికినయి. మూడోదాని జాడ తెలువలేదు.