‘మన దేశం’ కింద ఒక్క పాఠం

మూడో తరగతి కొత్త వాచకంలో ‘మన దేశం’ అనే శీర్షిక కింద ఒక్క పాఠానికే చోటు మిగిలింది. దానికి రెండు పాఠాలు పోటీ. ఒకటి, కోట గోడెక్కి శత్రువుల్ని చీల్చి చెండాడిన సేనాపతి కథ. రెండోది మన టీచరమ్మ రాసింది. అందులో కత్తీ లేదు, గుర్రమూ లేదు. తెల్లవారకముందే లేచి, నీళ్ల ట్యాంకు దగ్గర ఇనప చక్రం తిప్పి, వీధి వీధికీ నీళ్లు వదిలే ఒక ఆడమనిషి ఉంది. అంతే.

ఆ ఆడమనిషి టీచరమ్మ కన్నతల్లే. ముప్పయ్యేళ్లు చక్రం తిప్పి తిప్పి ఆవిడ అరచేతులు కాయలు కాశాయి. ఒక్కనాడైనా ఎవరూ ఆవిడ మెళ్లో దండ వేసిన పాపాన పోలేదు. ఈ సంగతి టీచరమ్మ పాఠాలు ఎంచే కమిటీకి చెప్పలేదు, చెబితే సొంత డబ్బా అంటారని. కానీ పిల్లల పుస్తకంలో అమ్మని చూసుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది.

పాఠం ఏదైనా సరే, పుస్తకంలోకి ఎక్కే ముందు ఓ పరీక్ష దాటాలి. పరీక్ష పిల్లలకి కాదండోయ్, పాఠానికి! ఒకరోజు తరగతిలో చదివి వినిపిస్తారు. మర్నాడు వచ్చి, పాఠం చెప్పండర్రా అంటారు. ఎంతమంది చెబితే అన్ని టిక్కులు. ఎక్కువ టిక్కులు పడ్డ పాఠం అచ్చుకెళ్తుంది. నిన్న రెండు పాఠాలూ చదివేశారు.

ఇవాళ పొద్దున్నే కమిటీ పెద్దాయన దిగాడు. కళ్లజోడు ముక్కు చివర, కాగితం అట్ట మీద, మనసు సేనాపతి మీద. దాచడమెందుకు, ఆయనకి కత్తులంటే మహా మోజు.

“సేనాపతి ఏం చేశాడర్రా?” అనడమే ఆలస్యం, తరగతి కాస్తా కోటయిపోయింది. స్కేళ్లు దూశారు. ఒకడు బల్లెక్కాడు. ఇంకొకడు చచ్చిపడి, లేచి, సరిపోలేదని మళ్లీ చచ్చాడు. నలభై మందిలో ముప్పై ఆరు టిక్కులు!

“సరే, నీళ్ల పాఠం?”

ముందు బెంచీ పిల్ల లేచింది. “మా బాబాయి బస్సు నడుపుతాడండీ. పొద్దున్నే మొదటి బస్సు ఆయనదే.”

“నేనడిగింది మీ బాబాయిని కాదమ్మా, పాఠాన్ని.”

“మా తాతయ్య కరెంటు స్తంభాలెక్కేవాడండీ, వానలో కూడా!” అని ఇంకొకడు. “మా పెద్దమ్మ పోస్టాఫీసులో సంచులు మోస్తుందండీ!” అని మరొకతె. ఇక చూస్కోండి, బాబాయిలూ పిన్నులూ వరసకట్టి వచ్చేశారు.

పెద్దాయనకి చిర్రెత్తుకొచ్చింది. “ఏంటి టీచరమ్మా ఇది? ఒక్కడూ పాఠం చెప్పడు, అందరూ ఇంట్లోవాళ్ల ఊసులే! టిక్కు ఎక్కడ పెట్టమంటారు? పోనీ ఓ పని చెయ్యండి. ఆఖర్న ఆవిడ చేత జెండాకి వందనం చేయించండి. కాస్త దేశం కనిపిస్తుంది.”

“ఆవిడ రెండు చేతులూ చక్రం మీదుంటాయండీ” అంది టీచరమ్మ. “వదిలితే వీధికి నీళ్లుండవు.”

“అయితే మీ ఇష్టం” అని ఆయన సున్నా చుట్టబోయాడు.

అప్పుడు లేచింది ఆఖరి బెంచీలో పిల్ల. ఏడాది పొడుగునా నోరు విప్పని పిల్ల. గౌను అంచు మెలిపెడుతూ నిలబడింది.

“మా అమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. నెత్తుటి మరకలవి. మా అమ్మ నర్సని అందరికీ చెప్పాను. కాదు.”

ఎవరు కిసుక్కుమంటారోనని టీచరమ్మ హడలిపోయింది. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఇది పాఠంలో ఉందా తల్లీ?”

“లేదండీ” అంది పిల్ల తలెత్తి. “రాయండి.”

టీచరమ్మకి కళ్లు నిండిపోయాయి. ఎంత గర్వమో ఆవిడకి! తల్లి పాఠం అచ్చయినా కాకపోయినా ఇక ఫర్వాలేదనిపించింది.

పెద్దాయన చుట్టబోయిన సున్నా చుట్టలేదు. “సేనాపతిని నాలుగో తరగతికి పంపిద్దాం టీచరమ్మా. ఇక్కడ మీ పాఠమే ఉంటుంది” అన్నాడు. తర్వాత కాగితం తిరగేసి, పెన్ను పట్టుకుని, ఆఖరి బెంచీ దాకా నడిచి వెళ్లాడు.

“చెప్పు తల్లీ, మీ అమ్మ ఎన్నింటికి వెళ్తుంది పనికి?”